దొరసాని కుడిచేయి

3 నవంబర్ 2025, సోమవారం

సావనీర్‌లో దొరసాని ఫొటో కింద సంవత్సరం వేయాలట. పొద్దున టీ దగ్గర మోసెస్ చెప్పాడు. సంఘానికి నూటపాతికేండ్లు నిండుతున్నయి, ఆమె ఫొటో ఎప్పుడు తీసిండ్రో తెల్వకుంటె ఇజ్జత్ పోతది, నీకు ఇంగ్లిష్ మంచిగొస్తది గదక్కా, ఎవర్నన్న అడుగు అన్నాడు. నా తమ్ముడు పని చెప్పే ముందు ఒక పొగడ్త వేస్తాడు. చిన్నప్పటి నుంచీ అంతే.

ఫొటో నా బీరువాలోనే ఉంటుంది. అరచేయంత తోలు డబ్బీ, పుస్తకంలా తెరుచుకుంటుంది. లోపల ఇత్తడి చట్రం, అద్దం. అద్దంలో ఆమె. మిస్ ఆగ్నెస్ టాలండ్. మా బడి పెట్టిన దొరసాని. పెళ్లి చేసుకోలేదు. బీదర్‌లోనే కన్నుమూసింది. ఆమె పెట్టె మా ముత్తవ్వకు వచ్చింది. అందులో ఈ డబ్బీ ఉంది. కాబట్టి ఇది ఆమె ఫొటో. ఇంతవరకూ ఎవరూ వేరే మాట అనలేదు.

ఒళ్లో రెండు చేతులు. కుడిచేతికి ఉంగరం. దాని మీద సూది మొనంత బంగారు రంగు.

మా సంఘంలో పెళ్లి వద్దనుకుని సేవకు ప్రతిష్ఠ చేసుకున్న ఆడమనిషికి పాస్టర్ అయ్యగారు కుడిచేతికి ఉంగరం తొడుగుతారు. ఇంకెక్కడా లేదు ఈ పద్ధతి. ఆ ఫొటోలోని చేతిని చూసి వచ్చింది. దొరసాని తర్వాత ముగ్గురు తొడిగించుకున్నారు. మూడో ఆమె తాయవ్వ. ఆమె తర్వాత నేను, 1996లో.

ఈ నెల 23న, పండుగ ఆరాధనలో, జెస్సికా. మోసెస్ కూతురు. ఇరవై ఆరేళ్లు.

4 నవంబర్

నెట్‌లో వెతికాను. ఇంగ్లండ్‌లో ఒకామె, మిసెస్ పామెలా రీడ్, పాత ఫొటోలు చూసి ఏ కాలానివో చెబుతుంది. మ్యూజియంలో పనిచేసి రిటైరయిందట. ఫోన్‌తో ఆరు ఫొటోలు తీసి పంపాను. నేను పనిచేసే హాస్టల్‌లో పిల్లలకు లీవ్ లెటర్లు దిద్దే ఇంగ్లిషే రాశాను.

6 నవంబర్

పామెలా నుంచి జవాబు. డేట్ చెప్పలేదు. అన్నీ ప్రశ్నలే. అయస్కాంతం అంటుకుంటుందా? ఫొటో ఉన్న పలక వెనక ఏముంది? బుగ్గల మీది గులాబీ రంగు పలక పైవైపు ఉందా, వెనకవైపు ఉందా? తుడవవద్దు, తడి గుడ్డ అసలే వద్దు అని మూడుసార్లు రాసింది.

సాయంత్రం వంటింటి బల్ల మీద మెత్తటి గుడ్డ వేసి డబ్బీ పెట్టాను. జెస్సికా డ్యూటీ నుంచి వచ్చి టార్చ్ పట్టింది. ఆమె పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్స్. ఏందత్తా, దొరసానికి ఎక్స్‌రే తీస్తున్నవా అని నవ్వింది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చాము. అంటుకోలేదు. అంటే ఇనప రేకు కాదు, గాజు. ఇత్తడి పట్టీ ఎప్పుడో విరిగిపోయి ఉంది, పలక దానంతటదే బయటికి జారింది. వెనక నల్ల మఖమల్ ముక్క. అది తీసి తెల్ల కాగితం పెట్టమంది పామెలా. పెట్టాము.

ముఖం నల్లబడింది. కళ్లు తెల్లబడ్డాయి. నెగెటివ్.

జెస్సికా అమ్మో అని చేయి వెనక్కి లాక్కుంది. నేను వెంటనే మఖమల్ పెట్టేశాను. ఫొటోలో ఆమె మళ్లీ మామూలుగా కనబడింది. బుగ్గల రంగు పలక పైవైపే ఉందని కూడా చూసి, అన్నీ పామెలాకు రాసి పంపాను.

ఆ సమయంలోనే జెస్సికా ఫోన్ మోగింది. చూసి కట్ చేసింది. జోయెల్ అయి ఉంటాడు. కమలనగర్ అబ్బాయి, వాళ్ల ఆసుపత్రిలోనే ల్యాబ్ టెక్నీషియన్. జూన్‌లో ఇంటికి వచ్చి మోసెస్‌ను పిల్లనడిగాడు. మోసెస్ టీ ఇచ్చి పంపాడు. మా బిడ్డ అత్త తొవ్వల పోతాంది బాబూ అన్నాడట. మరదలు జాయ్ చెప్పింది. మోసెస్ ఆ మాట గర్వంగా అన్నాడట. అప్పటికి జెస్సికా ఇంకా ఏమీ అననే లేదు. నెల తర్వాత, ఉంగరం తొడిగించుకుంటానని అంది.

నా తొవ్వ. ఈ మాట నాలో దిగబడింది.

9 నవంబర్, ఆదివారం

ఆరాధనలో 23వ తారీఖు ప్రతిష్ఠ ప్రకటించారు. జెస్సికా తల వంచుకుంది. అందరూ తిరిగి నన్ను చూశారు.

11 నవంబర్, తెల్లవారు 5:10

మెయిల్ వచ్చింది. ప్రార్థనకు ముందే చూశాను. చూడకుండా ఉండాల్సింది.

దీన్ని ఆంబ్రోటైప్ అంటారట. 1850ల మధ్యలో వచ్చి పదేళ్లలో ఫ్యాషన్ పోయిన పద్ధతి. పాపిడి నడిమికి తీసి చెవుల మీదుగా దువ్విన జుట్టు, గంటల్లా విచ్చుకున్న గౌను చేతులు, ఇత్తడి చట్రం ఆకారం, డబ్బీ కొక్కెం, అన్నీ ఒకే మాట చెబుతున్నాయట. 1857 దగ్గర. రెండేళ్లు అటు, రెండేళ్లు ఇటు. బ్రిటన్‌లోనే తీసింది.

రెండో పేరా. రంగు పైవైపే ఉందన్నారు కాబట్టి చిత్రం మీ వైపు తిరిగి ఉంది. ఇలాంటి వాటిలో బొమ్మ అద్దంలో చూసినట్టు పడుతుంది. కుడి ఎడమ అవుతుంది, ఎడమ కుడి. మీరు అడిగిన ఉంగరం ఆమె ఎడమచేతికి, మా దేశంలో పెళ్లి ఉంగరం తొడిగే చేతికి ఉంది. అది అందరికీ కనబడాలని ఫొటో తీసినవాళ్లే బంగారు రంగు అద్దారు. ఈమె పెళ్లయిన మనిషి అని దాదాపు ఖాయంగా చెప్పగలను.

చివర్లో, మీ మిస్ టాలండ్ ఏ సంవత్సరంలో పుట్టారు అని అడిగింది.

మూడుసార్లు చదివాను. ఫోన్ బోర్లించాను. మోకరిల్లాను.

అదే రోజు, ఉదయం

మెయిల్ వచ్చిందా అక్కా అని మోసెస్ అడిగాడు. ఇంకా రాలేదన్నాను. రొట్టె విరుస్తూ అన్నాను. అబద్ధం తేలిగ్గా వచ్చింది. దానికే నాకు భయం వేసింది.

12 నవంబర్

హాస్టల్‌లో అరపూట సెలవు పెట్టి మిషన్ సమాధుల తోటకు పోయాను. కాపలా సిద్దప్ప గడ్డి కోస్తున్నాడు. ఈస్టర్ ఇంక మస్తు దూరమున్నది గదమ్మా, ఇప్పుడే వస్తివేంది, సున్నం గూడ తేలేదు అన్నాడు. ఊరికే వచ్చానన్నాను. సమాధుల కాడికి ఊరికె ఎవరొస్తరమ్మా అని నవ్వి నీళ్లు తెచ్చాడు. రాయి మీద నాచు పట్టింది. ఇద్దరం రుద్దాము.

ఏటా ఈస్టర్‌కు సున్నం వేస్తాను. పూలు పెడతాను. పేరు చదువుతాను. పేరు కింది అంకెలు ఎన్నడూ చదవలేదు.

Born 1866.

ఫొటో తీసేనాటికి ఆమె పుట్టనే లేదు. ఇంకా తొమ్మిదేళ్లుంది.

13 నవంబర్

మోసెస్ మళ్లీ అడిగాడు. మళ్లీ అదే చెప్పాను.

14 నవంబర్

ఒకటే మాట మనసులో. నేను చెప్పకపోతే 23న ఆ పిల్ల లేని దొరసానిని చూసి చేయి చాస్తుంది. చెబితే, చూడు అత్త కూడా అట్లనే చాచింది అని లోకం అంటుంది. ఈ రెండోదానికే నేను భయపడుతున్నాను. నిజం రాస్తున్నాను. దీన్ని ఎవరూ చదవరు.

తల దువ్వుకుంటూ బీరువా అద్దంలో చూసుకున్నాను. నా చేయి పైకెత్తి ఉంది. అద్దంలో ఉంగరం ఎడమచేతికి ఉంది. ఇరవై తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్నదే. ఈరోజు అద్దంలో పెళ్లయిన మనిషి ఒకామె నన్ను చూసింది.

దువ్వెన కింద పెట్టి ఇవతలికి వచ్చాను.

తర్వాత

రాయకుండా ఉందామనుకున్నాను. రాస్తాను.

1995లో భాల్కి నుంచి ఒక సంబంధం వచ్చింది. విద్యాసాగర్. స్కూల్ మాస్టర్. రెండుసార్లు మాట్లాడాము, రెండోసారి ఆయన నవ్వించాడు. నాన్న పోయి అప్పటికి ఏడాది. మోసెస్ ఇంటర్, చెల్లెలు ఫెబా తొమ్మిదో తరగతి. అమ్మ చేసుకోమనలేదు. వద్దనీ అనలేదు. సాయంత్రం డబ్బీ తెరిచి నా ముందు పెట్టింది. చూడు బిడ్డా ఆమె చెయ్యి, ఎంత చల్లగ కూసున్నదో చూడు అంది. అంతే.

అమ్మ అబద్ధమాడలేదు. ఆమెకూ అట్లనే చెప్పారు.

15 నవంబర్, శనివారం

ఫెబా భాల్కి నుంచి వచ్చింది. నా చెల్లెలు. గేటు దగ్గర నుంచే మాట్లాడుతూ వస్తుంది. బస్సుల నిలవడనీకె జాగ లేదు, చెరుకు కోతలోళ్లంత అండ్లనే ఎక్కిండ్రు అని, నా ముఖం చూసి ఆగింది. ఏమైందక్కా, జొరమొచ్చిందా అంది.

ఆమెకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఉండలేకపోయాను. మెయిల్ చూపించాను. సమాధి రాయి చెప్పాను.

ముందు నవ్వింది. నూరేండ్ల సంది పెండ్లయినామెను చూసి పెండ్లి వద్దంటున్నమా అక్కా అని పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. నీ ఉంగరం మీద, నీ హాస్టల్ జీతం మీదనే గదా నేను చదువుకున్న, అన్న చదువుకున్నడు, నేనేం మొఖం పెట్టుకోని మాట్లాడాలె అంది. కొంగు అడ్డం పెట్టుకుంది. చెప్పకక్కా, అనవసరంగ లొల్లయితది, ఆ పిల్ల ఖుషీగనే ఉన్నది గద అంది. కొంగు దించి, ఖుషీగ ఉన్నదంటవా అని తనే అడిగింది.

పోయేటప్పుడు చింతకాయ తొక్కు అడిగి రెండు సీసాలు తీసుకుపోయింది.

17 నవంబర్

పామెలాకు రాశాను. ఆమె 1866లో పుట్టింది, ఇది ఆమె పెట్టెలో దొరికింది, మరి ఆమె తల్లి కావచ్చా అని.

గంటలో జవాబు. కావచ్చు. పిన్ని కావచ్చు. వేలంలో కొన్న తోలు డబ్బీ కూడా కావచ్చు. డేట్ నేను చెప్పగలను, పేరు ఎవరూ చెప్పలేరు. జనం తమకు దగ్గరగా అనిపించిన పేరును ఫొటో కింద రాయడం వల్లనే నా జీవితమంతా పని దొరికింది అని రాసింది. మీరు రాయదలిస్తే ‘పేరు తెలియని స్త్రీ, సుమారు 1857’ అని రాయండి.

పేరు తెలియని స్త్రీ. ఆమె ముందు నేను ఎన్నిసార్లు కన్నీళ్లు పెట్టుకున్నానో.

19 నవంబర్

ఈరోజు చెబుదామని జెస్సికా గదికి పోయాను. తెల్లచీర కట్టుకుని చూసుకుంటోంది. జాయ్ గుండుసూదులు నోట్లో పెట్టుకుని జాకెట్టు సరిచేస్తోంది. వదినా, మెడ జెర కిందికయిందా అని అడిగింది. బాగుందన్నాను. జెస్సికా అద్దంలోంచి నన్ను చూసింది. నువ్వు గూడ ఇట్లనే కట్టుకున్నవా అత్తా అంది. అవునన్నాను.

తిరిగి వచ్చేశాను.

20 నవంబర్, తెల్లవారు 4:40

ప్రభువా, ఈరోజు.

20 నవంబర్, సాయంత్రం

చెప్పాను.

వంటింట్లో చెప్పాను. పప్పు కుక్కర్‌లో ఉంది. మెయిల్ చదివించాను. పదకొండో తారీఖు మెయిల్, ఇయ్యాల చెప్తున్నవా అంది. మొదటి మాట అదే. తొమ్మిది దినాలు అత్తా, నువ్వు, తొమ్మిది దినాలు. నేను తల ఊపాను.

రెండోసారి మెల్లగా చదివింది. నర్సు రిపోర్ట్ చదివినట్టు. నేను ఆ ఫొటోను చూసి చేస్తలేనత్తా, నిన్ను చూసి చేస్తున్న అంది.

ఇన్నాళ్లూ నేను ఫొటో గురించి భయపడ్డాను. భయపడాల్సింది దీని గురించి.

చిన్నప్పటి సంది చూస్తున్న, నువ్వు ఒర్రవు, ఏడ్వవు, ఎవ్వలను ఏమనవు, అది శాంతి అనుకున్న, నాకూ అదే కావాలనుకున్న అంది. నిజంగ శాంతేనా అని అడిగింది. 96ల నీకు ఈ సంగతి తెలిసుంటే ఏం చేసెటిదానివి అంది.

ఏమో అన్నాను.

ఏమో అంటె కాదత్తా, నాకు మూడు దినాలే ఉన్నయి అంది.

కుక్కర్ కూసింది. కట్టేయడానికి లేచాను. కట్టేసి వెనక్కి తిరిగేసరికి ఆమె లేదు. పారిపోయింది ఆమె కాదు, నేను.

21 నవంబర్

మధ్యాహ్నం రెండుకు ఆమె షిఫ్ట్ అయిపోతుంది. ఆసుపత్రి ఓపీ బయట సిమెంటు బెంచీ మీద పన్నెండున్నర నుంచి కూర్చున్నాను. ఖటక్ చించోళి నుంచి వచ్చిన ఒక ముసలామె పక్కన కూర్చుని ఎవరికి బాగలేదమ్మా అని అడిగింది. ఎవరికీ లేదన్నాను. మరెందుకొచ్చినవని ఆశ్చర్యపోయింది. తినడానికి జామపండు ఇచ్చింది. చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

జెస్సికా వచ్చింది. పక్కన కూర్చుంది. ఆమె అడగక ముందే చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో ఆపితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

విద్యాసాగర్ అని ఒకాయన ఉండేవాడన్నాను. నాకు ఆయన ఇష్టమన్నాను. ఈ మాట బయటికి అనడం ఇదే మొదలు. ప్రతిష్ఠ అయ్యాక కూడా రెండేళ్లు, భాల్కి బస్సు వస్తే దిగేవాళ్లను చూసేదాన్నన్నాను. ఎందుకు చేశావంటే, ఇంటికి పెద్దదాన్ని, చేయాల్సి వచ్చింది. చేయాల్సి వచ్చిందని అంటే బరువు, దేవుని పిలుపు అంటే తేలిక. పిలుపు అన్నాను. చాలా ఏళ్లు అన్నాక నిజంగానే పిలుపు అయింది. హాస్టల్‌లో పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు, పరీక్ష తప్పి ఏడ్చినప్పుడు, నేను అక్కడ ఉన్నందుకు దేవునికి స్తోత్రం చెప్పాను. అదీ అబద్ధం కాదు.

శాంతేనా అని అడిగావు కదా. కొంత శాంతి, కొంత అలవాటు. ఏది ఎంతో నాకే తెలియదు. ఇంత చెప్పాను. ఇంతకంటే ఎక్కువ ఎన్నడూ ఒక్కసారి మాట్లాడలేదు.

ఆమె నా చేతిలోని జామపండు తీసుకుంది. తర్వాత, ఆయన ఎట్లుండెటోడు అత్తా అని అడిగింది. పొట్టి అన్నాను. జెస్సికా ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఓపీ కిటికీలోంచి ఎవరో తొంగిచూశారు.

జామపండు ఇద్దరం తిన్నాము.

22 నవంబర్, శనివారం

మోసెస్‌కు చెప్పాను. ముందు నా అబద్ధం చెప్పాను, తర్వాత ఫొటో సంగతి. మోసెస్‌కు నా అబద్ధం పట్టలేదు. ప్రోగ్రాం అచ్చయిపోయింది, భాల్కి నుంచి, హుమ్నాబాద్ నుంచి చుట్టాలొస్తున్నరు, ఇప్పుడు చెప్తవా, 1895 అని వేస్తె ఎవడడుగుతడక్కా అన్నాడు. నేను అడుగుతానన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడు జెస్సికా వచ్చి, నాయినా, రేపు నేను తొడిగించుకోను అంది. జోయెల్‌ను చేసుకుంటవా మరి అని అరిచాడు. అదీ చెప్తలేను అంది. రేపు మాత్రం కాదు. తర్వాత ఎప్పుడన్న తొడిగించుకుంటనో, అసలు వద్దంటనో, నేనే వచ్చి చెప్త. అంతవరకు ఎవ్వలు నా తరఫున చెప్పొద్దు అంది. జాయ్ పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడింది. మోసెస్ అన్నం తినలేదు. నా బిడ్డను నువ్వే చెడగొట్టినవక్కా అన్నాడు. కావచ్చు.

సాయంత్రం ఇద్దరం అయ్యగారి ఇంటికి పోయాము. డబ్బీ, పామెలా మెయిల్ ప్రింటవుట్ బల్ల మీద పెట్టాను. ఆయన కళ్లద్దాలు మార్చి చదివారు. అయితె మీ నలుగురి ప్రతిష్ఠలు ఏం కావాలె దయమ్మా అన్నారు. ప్రతిష్ఠలు అట్లనే ఉంటాయి అయ్యగారూ, చేయి ఒక్కటే తప్పు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, ఇంతవరకు మాట్లాడకుంట ఎక్కడున్నవమ్మా నువ్వు అన్నారు.

సావనీర్ ఇంకా అచ్చుకు పోలేదు, ప్రెస్‌కు ఆయనే ఫోన్ చేశారు. ఫొటో ఉంటుంది. పేరు తీసేస్తారు. ‘పేరు తెలియని స్త్రీ, సుమారు 1857.’ అవతల ప్రెస్సాయన రెండుసార్లు అడిగాడట, పేరు తెల్వనామె ఫొటో ఎందుకయ్యగారూ అని.

23 నవంబర్, ఆదివారం

మూడో పాట తర్వాత ఉండాల్సిన అంశం లేకుండానే అయ్యగారు ప్రసంగంలోకి పోయారు. కొందరు ప్రోగ్రాం కాగితం తిప్పి చూసుకున్నారు. మోసెస్ ముందు వరసలో కదలకుండా కూర్చున్నాడు. జెస్సికా పచ్చచీర కట్టుకుని నా పక్కన కూర్చుంది.

మౌన ప్రార్థన అన్నారు. ఎప్పుడూ మోసెస్‌తో మొదలుపెట్టి, ఫెబా, పిల్లలు, హాస్టల్ పిల్లలు, జబ్బున్నవాళ్లు, వరసగా పేర్లు చెబుతాను. నా పేరు దాకా వచ్చేసరికి సమయం చాలదు.

ఈరోజు నా పేరుతో మొదలుపెట్టాను. ఏమడగాలో తెలియక అక్కడే ఉండిపోయాను. ఆమెన్ అన్నారు.